పళ్ళ క్లిప్పులకు వయసు హద్దు ఎవరు పెట్టారు?

ముప్పై దాటాక ఎత్తుపళ్ళకు క్లిప్పులు వేయించుకుంటానంటే ‘ఈ వయసులో ఎందుకు?’ అని మొదట అడిగేది ఇంట్లోవాళ్ళే. పెరిగే పిల్లలకే ఈ వైద్యమన్న నమ్మకం అంత బలంగా ఉంది. దాని పుట్టుక వెతికితే మాత్రం, ఆ హద్దు గీయడంలో ఎముక పాత్ర కన్నా పనిముట్ల పాత్రే ఎక్కువని తేలుతుంది. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ తన దంతవైద్య గ్రంథంలో గుర్రపునాడా ఆకారపు లోహపు పట్టీని వర్ణించాడు. వంకర పళ్ళను దారంతో ఆ పట్టీకి కట్టి మెల్లగా దారికి తేవడం దాని పని. 1880లో అమెరికన్ నార్మన్ కింగ్స్‌లీ, పళ్ళు కదపడానికి వయసు పెద్ద అడ్డు కాదనే రాశాడు. ఆ తర్వాతే గాలి మళ్ళింది. 1900లో సెయింట్ లూయిస్‌లో ఎడ్వర్డ్ ఆంగిల్ ప్రత్యేక పాఠశాల తెరవడంతో ఇదొక శాస్త్రంగా స్థిరపడింది. 1912లో దంతవైద్యుడు లిషర్ ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య కాలాన్ని చికిత్సకు స్వర్ణకాలమన్నాడు. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే ఆ కాలంలో దవడ ఎదుగుదల కలిసొస్తుంది కాబట్టి ఆ మాట సబబే. కానీ పిల్లలకు ఇది మేలైన కాలం అన్న మాట, పెద్దలకు ఇక కుదరదు అన్న మాటగా జనంలో స్థిరపడింది.

పెద్దల ఎముక గట్టిపడిపోతుంది కదా, పన్ను ఎలా కదులుతుంది అన్నది న్యాయమైన సందేహమే. దానికి జవాబు 1904–05లోనే స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో దొరికింది. పన్ను ఒత్తే వైపు ఎముక కరుగుతుంది, లాగే వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. ఎముక బతికున్నంత కాలం ఈ పని ఆగదు. పెద్దల్లో కదలిక మొదలవడానికి ఇంకాస్త సమయం పడుతుంది, అంతే.

మరి పెద్దలు ఎందుకు వెనకాడారు? చాలాకాలం పాటు ప్రతి పంటికీ చుట్టూ లోహపు పట్టీ తొడగాల్సి వచ్చేది. నవ్వితే నోరంతా లోహమే కనిపిస్తుంటే కోర్టులో వాదించే లాయరో, క్లాసులో పాఠం చెప్పే టీచరో ఎలా ఒప్పుకుంటారు? 1955లో మైఖేల్ బ్యూనోకోర్, ఫాస్ఫారిక్ ఆమ్లంతో పంటి ఎనామెల్‌ను కొద్దిగా గరుకు చేస్తే రెజిన్ అనే జిగురు పదార్థం గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. ఈ రంగంలో నిజమైన మలుపు అదేనని నా అభిప్రాయం. ఆ దారిలోనే పట్టీలు పోయి, పంటి ముందువైపు అతికించే చిన్న బ్రాకెట్లు వచ్చాయి. 1970లలో జపాన్‌లో కిన్యా ఫుజిటా, అమెరికాలో క్రేవెన్ కర్జ్ వాటిని పళ్ళ లోపలివైపుకు మార్చారు. 1980లలో పంటి రంగులో కలిసిపోయే సిరామిక్ బ్రాకెట్లు వచ్చాయి. 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ, కంప్యూటర్ సాయంతో వరుసగా మార్చుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు తెచ్చింది. సంస్థ స్థాపకుల్లో ఒకరైన జియా చిష్తీ పెద్దయ్యాకే క్లిప్పులు వేయించుకున్న మనిషి కావడం ఇక్కడ గమనించాల్సిన విషయం.

ఇదంతా అందం మోజే అనేవారున్నారు. అందం కోరుకోవడం తప్పు కాదు. పైగా ఇరుకుగా ఒకదానిమీదొకటి ఎక్కిన పళ్ళ సందుల్ని శుభ్రం చేయడం కష్టం. అయితే వయసు అసలు తేడానే తేదని కూడా అనకూడదు. దవడే ముందుకో వెనక్కో ఉంటే, ఎదుగుదల ఆగిపోయిన పెద్దలకు క్లిప్పులు మాత్రమే చాలవు. శస్త్రచికిత్స కావాల్సి రావచ్చు. చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు దాన్ని అదుపు చేయాలి, లేదంటే ఉన్న ఎముకా పోతుంది. రోజుకు ఇరవై గంటలకు పైగా పెట్టుకునే ఓపిక లేనివారికి తొడుగులు ఫలించవు; మెలితిరిగిన పళ్ళను తిప్పడానికి చాలాసార్లు బ్రాకెట్లే మెరుగు. పైగా ఏ పద్ధతి ఎంచుకున్నా పళ్ళు పాతచోటికి జారాలనే చూస్తాయి కాబట్టి, చికిత్స ముగిశాక కూడా రాత్రిళ్ళు పళ్ళను పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోవడానికి సిద్ధపడాలి. ఖర్చు లెక్క వేసేటప్పుడే ఈ సంగతీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.