కాగితపు పువ్వు, గాజు సీసా: హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ చరిత్ర

పెరట్లో చక్కెర నీళ్ల సీసా వేలాడదీసి, దాని దగ్గరకు వచ్చే హమ్మింగ్‌బర్డ్‌లలో ఏ ఋతువుకు ఏవి వస్తున్నాయో గమనించే అలవాటు ఉత్తర అమెరికాలో బాగా వేళ్లూనింది. ఈ పక్షి కుటుంబం అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేదు. తెలుగునాట మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టను హమ్మింగ్‌బర్డ్‌గా పొరబడేవారున్నారు గానీ, అది వేరే కుటుంబానికి చెందినది. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తేనె తాగితే, హమ్మింగ్‌బర్డ్ రెక్కలాడిస్తూ గాలిలో ఒకేచోట నిలిచి తాగుతుంది.

ఫీడర్ అని పిలిచే ఈ సీసా మొదట పువ్వు వేషంలోనే పుట్టింది. మసాచుసెట్స్‌లోని బ్రూక్‌లైన్‌కు చెందిన కారొలిన్ సోల్ అనే ప్రకృతి పరిశీలకురాలు దళసరి కాగితాన్ని బాకా ఆకారపు పువ్వుగా చుట్టి, జిగురుతో అంటించి, నీటిరంగులు పూసి, లోపల చిన్న సీసా అమర్చి చెట్టు మొదలుకు కట్టారు. అందులో పోసిన చక్కెర నీళ్లను హమ్మింగ్‌బర్డ్ వచ్చి తాగిన సంగతిని 1900లో ‘బర్డ్‌లోర్’ పత్రికలో వెల్లడించారు.

ఆ వేషం పక్షికి నిజంగా అవసరమా అన్నది తేల్చినవారు అయోవాలోని నేషనల్ అనే ఊరి చిత్రకారిణి ఆల్థియా షెర్మన్. 1907లో ఆమె కూడా చేతితో చేసిన పువ్వులోనే సీసాను దాచారు గానీ, పువ్వు లేని ఒట్టి సీసాను పెట్టినా పక్షులు కనిపెట్టి తాగడం గమనించి, ఏడు వేసవుల పరిశీలనను 1913లో ‘విల్సన్ బులెటిన్’లో ప్రచురించారు.

మార్గరెట్ బోడైన్ అనే రచయిత్రి 1928లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’లో హమ్మింగ్‌బర్డ్‌ల గురించి రాసిన సచిత్ర వ్యాసం ప్రేరణతో లారెన్స్ వెబ్‌స్టర్ అనే వ్యక్తి గాజు ఊదే నిపుణుడి చేత ఫీడర్ చేయించారు. అతి స్వల్పకాలపు మెరుపు వెలుగుతో వేగాన్ని బంధించే స్ట్రోబ్ దీపాన్ని తీర్చిదిద్దిన హెరాల్డ్ ఎడ్జర్టన్, న్యూ హాంప్‌షైర్‌లో వెబ్‌స్టర్ ఫీడర్ల దగ్గరే హమ్మింగ్‌బర్డ్ రెక్కల కదలికను ఫొటోలు తీశారు. 1950లో ఆ నమూనా అంగడి సరుకైంది.

వాడుకతో పాటు నియమాలూ స్థిరపడ్డాయి. ఒక పాలు పంచదారకు నాలుగు పాళ్లు నీరు కలుపుతారు; బూజుకు తావిచ్చే తేనె గానీ, ఎర్ర రంగు గానీ వేయరు. శరత్తులో ఫీడర్ తీయకపోతే పక్షి వలస మానేస్తుందన్నది అపోహే. కెంపుగొంతు హమ్మింగ్‌బర్డ్‌ను దక్షిణానికి కదిలించేది ప్రధానంగా పగటి నిడివి కుదించుకుపోవడం. సుమారు మూడు గ్రాముల ఆ పక్షులలో అనేకం మెక్సికో సింధుశాఖను ఏకబిగిన దాటుతాయి.

అయితే ఫీడర్ ప్రభావమే లేదనడానికి వీల్లేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో దక్షిణ కాలిఫోర్నియా, ఉత్తర బాహా కాలిఫోర్నియాలకే పరిమితమైన ఆనాస్ హమ్మింగ్‌బర్డ్, పరదేశపు తోట పూలు, ఫీడర్లు ఆసరాగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా విస్తరించి, చలికాలంలోనూ అక్కడే నిలుస్తోంది. పువ్వు వేషం పక్షికి అక్కరలేదని షెర్మన్ ఏనాడో చూపినా, నేటి ఫీడర్ల మూతి చుట్టూ ఎర్రటి ప్లాస్టిక్ రేకులు మాత్రం పోలేదు. అవి పక్షికన్నా ఎక్కువగా కొనేవారి కంటికే పువ్వులు.