మోల్ పుట్టింది త్రాసు మీద

బడిలో మోల్ పాఠం చాలాసార్లు డజనుతో మొదలవుతుంది. పన్నెండు అరటిపళ్లు డజను, 6.022×10²³ కణాలు మోల్, దాన్ని కనిపెట్టినవాడు అవొగాడ్రో. చెప్పడానికి సులువే, కానీ చరిత్ర ఇలా నడవలేదు.

1811లో అవొగాడ్రో అన్నది ఒకటే: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లోని వాయువుల్లో అణువుల సంఖ్య సమానం. ఆ సంఖ్య ఎంతో ఆయనకు తెలియదు. ఆయన 1856లో పోయాక, తొమ్మిదేళ్లకు లోష్మిట్ అనే శాస్త్రవేత్త అణువు సైజును అంచనా వేశాకే ఆ సంఖ్యకు దారి దొరికింది.

పేచీ ఆస్ట్‌వాల్డ్ దగ్గర. పందొమ్మిదో శతాబ్ది చివర 'మోల్' మాటను వాడుకలోకి తెచ్చిన ఈ లైప్‌జిగ్ ఆచార్యుడికి అప్పట్లో పరమాణువుల మీదే నమ్మకం లేదు! ఆయన మోల్ అంటే గ్రాముల్లో తూచిన అణుభారం, అంతే. మరీ మొండివాడనీ అనలేం, 1909 నాటికి పరమాణువులను ఒప్పుకున్నాడు. అదే ఏడు పెర్రిన్ అనే శాస్త్రవేత్త మోల్‌లోని కణాల సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టాడు. అయినా 1971లో మోల్ మూల ప్రమాణమైనప్పుడు సైతం నిర్వచనం 12 గ్రాముల కార్బన్-12 మీదే నిలిచింది. సంఖ్య ముందుకొచ్చింది 2019 మే 20న. కాబట్టి డజను పోలిక నేటి నిర్వచనానికి నప్పుతుంది, పుట్టుకకు నప్పదు.

ఇది పండితుల గొడవ కాదు. సంఖ్యతో మొదలుపెట్టిన పిల్లలకు త్రాసు గుర్తుండదు. మోల్ లేకపోయినా త్రైరాశికంతో పని జరిగేది: 48 గ్రాముల మెగ్నీషియం కాలితే 80 గ్రాముల ఆక్సైడ్, 6 గ్రాములకు 10. ఆక్సిజన్ చాలినంత కాలం ఇందులో తప్పు లేదు.

అదే 6 గ్రాముల మెగ్నీషియానికి ఆక్సిజన్ 3.2 గ్రాములే ఇచ్చారనుకోండి. అది 0.1 మోల్, 0.2 మోళ్ల మెగ్నీషియంతో సరి. 8 గ్రాముల ఆక్సైడ్ వస్తుంది, 1.2 గ్రాముల లోహం మిగులుతుంది. మోల్ విలువ ఇక్కడ తెలుస్తుంది, పాత పద్ధతిని నేను వెనకేసుకురావడం లేదు. కానీ కోచింగ్‌లో సూత్రం బట్టీపట్టినవాడు ఇక్కడా 10 అనే రాస్తాడు. వేసిందంతా కలిపితే 9.2 గ్రాములేనని వాడికి తట్టదు. ఆప్షన్లలో 10 కూడా ఉంటుంది మరి.