పాలమాంసకృత్తుల పొరలు: యాంత్రిక ధర్మములు

ఆవుపాలయందలి మాంసకృత్తులలో రమారమి నూటికి 80 పాళ్లు కేసీను, తక్కినవి విరుగుడుతేటలోనివి. వీనిలో దేని ద్రావణమునైనను చదునైన పళ్లెరమున పలుచగా పోసి యారబెట్టినచో పారదర్శకమును, భోజనార్హమునునగు పొర లభించును. కేసీను అణువులు సహజముగనే విప్పారియుండుటచే వేడిమి యక్కరలేకయే పరస్పరము పెనవేసికొనును. తేటలో ప్రధానమగు బీటా-లాక్టోగ్లోబ్యులిన్ గోళాకృతి గలది గావున, ద్రావణమును సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కాచి, అణువులను విప్పి, గంధకబంధములు అణువునకు నణువునకు నడుమ నేర్పడునట్లు చేయనిచో పొర నీట కరగిపోవును.

కేవల మాంసకృత్తుతో చేసిన పొర పెళుసు, వంచినంతనే విరుగును. అందుచే గ్లిసరాల్, సార్బిటాల్ వంటి మెత్తబఱచు ద్రవ్యములను కలుపుదురు. ఇవి అణుమాలికల నడుమ జొరబడి వాని యాకర్షణమును సడలించుటచే సాగుదల హెచ్చును గాని, తన్యతాబలమును, స్థితిస్థాపక గుణకమును తగ్గును. ఒకదానిని కోరినచో రెండవదానిని కొంత విడువక తప్పదు. నీరును ఇట్టి ద్రవ్యమే యగుటచే, గాలిలోని తేమ మారినకొలది అదే పొర ఒకప్పుడు బిరుసుగను, ఒకప్పుడు మెత్తగను ప్రవర్తించును. కావున పరీక్షాసమయమున తేమ యెంతయో తెలుపని బలపుటంకెలు నిజమునకు నిష్ప్రయోజనములే.

సోడియము కేసినేటు పొరకంటె కాల్షియము కేసినేటు పొర సాధారణముగా తక్కువ సాగును. ట్రాన్స్‌గ్లూటామినేజ్ అను ఎంజైముచే అణుబంధములను పెంచుటయు కలదు. ఫార్మాల్డిహైడుచే గట్టిపఱచిన కేసీను, 19వ శతాబ్ది చివర జర్మనీలో పుట్టిన గాలలిత్ అను పేర, బొత్తములకు ప్రసిద్ధి కెక్కినది. తినదగిన పొరకు మాత్రము ఆ మార్గము పనికిరాదు. పాలిథిన్‌తో పోల్చినచో ఈ పొరలు సాగుదలలో మిక్కిలి వెనుకబడినను, పొడిగాలిలో ఆక్సిజనును అడ్డుటయందు దానిని మించును.