వేమగల్ చుట్టూ చూడదగిన పాత గుళ్లు, చర్చీలు

మాది కోలారు తాలూకా వేమగల్. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ మాట్లాడతాం. అందుకే కొందరు "మీరు ఇక్కడివాళ్లు కాదా?" అని అడుగుతుంటారు. దానికి జవాబు మా చుట్టుపక్కల పాత కట్టడాల్లోనే ఉందని నాకనిపిస్తుంది.

మా ఊరికి దగ్గరలో సీతి బెట్ట ఉంది. దాని మీద భైరవేశ్వరుని గుడి ఉంది. అక్కడినుంచి కోలారుకు పోతే కోలారమ్మ గుడి చూడొచ్చు. కన్నడ నాడులో ఉన్న ఈ గుడి రాళ్ల మీద రాజేంద్ర చోళుని కాలంనాటి తమిళ శాసనాలున్నాయి. అంటే అవి వెయ్యేళ్లనాటివి. లోపల తేళ్ల దేవత చేళమ్మ కూడా ఉంది. ఆమె హుండీలో కానుక వేస్తే తేలు కుట్టదని మా అవ్వ చెప్తుంది.

కోలారులోనే హైదర్ అలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉంది. హైదర్ పుట్టింది మన జిల్లా బూదికోటలో. 1782లో చిత్తూరు దగ్గర చనిపోతే, మొదట ఆయన్ని తండ్రి పక్కనే ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం తీసుకుపోయినారు.

ఇక చర్చీల సంగతి. 1700 తర్వాత ఫ్రెంచి జెసూట్ ఫాదర్లు పుంగనూరు, చిక్కబళ్లాపురం వైపు వచ్చినారు. ఇక్కడి జనంతో మాట్లాడాలని వాళ్లు తెలుగు నేర్చుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమైంది. అంటే మన తెలుగు ఇక్కడ నిన్న మొన్న వచ్చింది కాదు.

1876-78లో మైసూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. తల్లిదండ్రులు పోయిన పిల్లలను ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు మిషనరీ అమ్మ కోలారులో చేరదీసింది. 1890లో ఆ పనిని అమెరికా మెథడిస్టులు తీసుకున్నారు. 1910లో వాళ్లు మొదలుపెట్టిన ఆసుపత్రిని ఇప్పటికీ ఈటీసీఎం అంటారు. పాత చర్చి అంటే గోడలూ గంటా మాత్రమే కాదు, ఆకలిగొన్న పిల్లలకు పెట్టిన అన్నం కూడా.

చివరగా కేజీఎఫ్. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక గనులు పెరిగినాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఊరిగాంలో సెయింట్ మైకేల్ చర్చి, ఛాంపియన్ రీఫ్‌లో విజయమాత చర్చి చూడాలి. తమిళులు, తెలుగువాళ్లు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి బంగారం తవ్వినారు. రాయి పేలి చనిపోయినవాళ్లు ఎందరో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం పోయింది, గుళ్లూ చర్చీలూ మిగిలినాయి.

తమిళ శాసనం, నవాబు తండ్రి సమాధి, తెలుగు నేర్చిన ఫాదర్లు, ఇంగ్లీషు చర్చి, వీటన్నిటికీ చోటిచ్చిన కన్నడ నేల. ఇక్కడ పరాయివాళ్లెవరు?

తోటి విద్యార్థులారా, సెలవుల్లో అమ్మానాన్నలతో వీటిని చూసి రండి. గోడల మీద మీ పేర్లు మాత్రం గీకకండి. అక్కడ ముందే రాసినవి చదవడం నేర్చుకుందాం.