అబ్బా సందూకు, యెజ్డీ ఇంజను

అబ్బా ఇంతెకాల్ అయి తొమ్మిదేళ్లయింది. కర్నూలు ఇంటి అటక మీదున్న లోహే కా సందూక్‌ని కబాడీకి వేసేద్దామని తమ్ముడన్నాడు. ఒక్కసారి చూసి వేద్దామని కిందికి దింపాం. మూత తీస్తే పాత ఇంజన్ ఆయిల్ వాసన. పైన ఔజార్లు, అడుగున ఉర్దూలో రాసుకున్న ఒక కాపీ.

అబ్బా జావా, యెజ్డీ బండ్ల మిస్త్రీ. దుకాణమంటూ లేదు. మా ఇంటి ఆంగనే ఆయన కార్ఖానా.

ఈ బండ్ల తారీఖ్ కొంచెం చెప్పాలి. చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ మోటార్ సైకిల్ తయారు చేసే హక్కులు కొన్నాడు. ఆ రెండు పేర్ల ముందు అక్షరాలు కలిస్తే జావా. 1960ల మొదట్లో రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నడిపించి మన దేశంలోనే ఆ బండ్లు తయారు చేశారు. తర్వాత బండి పేరు యెజ్డీ అయింది. వింటే ఇరాన్‌లోని యజ్ద్ షహర్ గుర్తొస్తుంది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆర్ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. 2000 నాటి పొగ నిబంధనలతో టూ స్ట్రోక్ బండ్ల కథ దాదాపు ఖతం.

టూ స్ట్రోక్ ఇంజన్ అంటే పిల్లల ఆట అనుకుంటారు. వాల్వులుండవు, కామ్ షాఫ్ట్ ఉండదు. 1890 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్లో జోసెఫ్ డే చేసిన ఉపాయం ఇది. పిస్టన్ కిందున్న క్రాంక్ కేసే పంపులా పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చి పైకి నెడుతుంది. అందుకే కేస్‌లో ఎక్కడ లీకున్నా బండికి కష్టమే. యెజ్డీలో క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి వచ్చి తెల్లటి పొగ. రెండో వైపు సీల్ పోతే బయటి గాలి దూరి, పెట్రోలు తక్కువై, పిస్టన్ పట్టేస్తుంది. పార్టులు తక్కువే, కానీ ఒక్కోదానికీ సొంత ఔజార్ కావాలి.

ఆ ఔజార్లు కంపెనీవి కొనే స్తోమత అబ్బాకి లేదు. సొంతంగా చేసుకున్నారు. క్రాంక్ చివర స్ప్రాకెట్ టేపర్ మీద బిగుసుకుపోతుంది. దాన్ని లాగే పుల్లర్‌ని ఖరాద్ దుకాణంలో ఇనుప ముక్కతో చేయించారు. క్లచ్ హోల్డర్ అంటే అరిగిపోయిన క్లచ్ ప్లేటుకి పట్టీ వెల్డింగ్ చేయడమే. నట్టు విప్పేటప్పుడు పిస్టన్ కదలకుండా ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి సుత్లీ దూర్చేవారు. పిస్టన్ పైకొచ్చి పోర్టులు మూసుకున్నాకే సుత్లీ వేయాలి, లేదంటే పోర్టులో ఇరుక్కుని తెగుతుంది.

పుల్లర్ వద్దనుకుని నేనొకసారి సుత్తితో కొట్టాను. క్రాంక్ రెండు చక్రాలూ ఒకదానికొకటి పక్కకి జరిగాయి. వీ బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో చూస్తూ, రాగి సుత్తితో కొట్టి కొట్టి అబ్బా సరిచేశారు. 0.03 మిల్లీమీటరు దాటి ఊగితే ఆయన ఒప్పుకునేవారు కాదు. "హల్లూ మార్, బేటా" అనడం తప్ప తిట్టలేదు. మరుసటి రోజునుంచి నన్ను స్కూలు చదువుకే పరిమితం చేశారు. నా తాలీమ్ వెనక ఆ సుత్తి ఉంది.

బేరింగు దించడానికి అమ్మీ వంటగది కావాలి. ఖాళీ కేస్‌ని తవా మీద పెట్టి వేడిచేసి నీటి చుక్కలు చల్లేవారు. చుక్క చురుక్కున ఎగిరిపోతే చాలు, అల్యూమినియం వ్యాకోచించి బేరింగు తానుగా రాలిపడుతుంది. ఆ రోజు రొట్టెలు ఆలస్యం, అమ్మీ కోపం నిజం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక పాత బీపీ మిషన్. ఇంజన్ బిగించాక సైలెన్సర్, కార్బురేటర్ రంధ్రాలు రబ్బరుతో మూసి దాని బల్బుతో గాలి కొట్టేవారు. దాని ముల్లు 300 చూపిస్తే సుమారు 5.8 పౌండ్ల ప్రెషర్. టూ స్ట్రోక్ సీల్ పరీక్షకి అంతే కావాలి. ముల్లు త్వరగా దిగితే సబ్బు నీళ్లతో లీక్ వెతకడమే.

కాపీలో ఇవన్నీ ఉన్నాయి. కొలతలు సూత్‌లలో (తెలుగు మిస్త్రీలు నూలు అంటారు, అంగుళంలో ఎనిమిదో వంతు), ఉర్దూ అంకెల్లో. బోరింగ్ చేశాక పోర్టుల అంచులు సన్నటి ఆకురాయితో గుండ్రం చేయకపోతే రింగులు విరుగుతాయని ఒక పేజీలో. ఇప్పుడు కుర్రాళ్లు పాత బండ్ల మోజుతో ఆన్‌లైన్‌లో మొత్తం కిట్ తెప్పించుకుంటున్నారు, మంచిదే. కానీ ఈ పేజీ ఆ కిట్‌లో రాదు.

మా ఖాందాన్‌లో తర్వాతి తరంలో ఉర్దూ చదివేవాళ్లు లేరు. నా పిల్లలు ఇంగ్లీషు మీడియం, తమ్ముడి పిల్లలూ అంతే. సందూక్ నా గదిలోకి తెచ్చాను. రాత్రి డ్యూటీ అయ్యాక కాపీని తెలుగులోకి దించుతున్నాను. మొన్న మావాడు వచ్చి పక్కన కూర్చుని, "ఇది ఎటునుంచి మొదలు అబ్బా?" అని అడిగాడు. కుడివైపు నుంచి అని చూపించాను. రెండో పేజీలో ఉన్నాం. క్లచ్ దగ్గర.