పేరంటము నుండి సమాజమునకు

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కోస్తా పట్టణములందు వెలసిన స్త్రీ సమాజముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా సంస్కర్తలైన పురుషుల పేర్లతో మొదలుపెట్టుదురు. అది తప్పు గాదుగాని, పేరంటమను పాత యాచారమును విడిచి ఆ కథ చెప్పినచో అందలి జీవమే లోపించునని నా యభిప్రాయము. ఒంటరిగా గడప దాటుటకు వీలులేని యిల్లాండ్రు సైతము పసుపుకుంకుమల పేరిట ఇరుగుపొరుగు ఇండ్లకేగి, పాటలు పాడుకొని, కష్టసుఖములు చెప్పుకొని వచ్చుచుండిరి. ఆ కూడికలోనికి పుస్తకమొకటి వచ్చి చేరెను.

1902లో బందరున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిన భండారు అచ్చమాంబగారు ఈ మర్మ మెరిగినవారు. 1874లో నందిగామ ప్రాంతమున జన్మించి, బడి మొగము చూడక, తన యింటనుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ భాష లభ్యసించి, కన్నబిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖములో గ్రంథపఠనమునే ఊతగా బట్టి, 1901 నాటికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను ప్రకటింపగలిగిన ఆమెకు, అట్టి తమ్ముడు ఇంటింటను ఉండడని వేరొకరు చెప్పవలసిన పని లేకుండెను.

అక్షరము వచ్చిన యామె చదువుచుండగా రానివారు వినుట ఇట్టి సమాజములందు మొదటి మెట్టు. వినుచు వినుచు సందేహ మడుగుట, అడిగినదానిని నలుగురును పరిహసింపక ఆలకించుట, ఆ ధైర్యముతో రెండు పుటల వ్యాసము వ్రాసి తడబడుచునైనను తానే చదువుట, అటుపిమ్మట దానిని, 1902లోనే సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరున ప్రారంభించిన ‘హిందూసుందరి’ వంటి పత్రికకు పంపుట: ఇట్లు గొంతునకును కలమునకును ఒక్కమారే శిక్షణ లభించెను. మొసలికంటి రామాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ గారలు ఆ పత్రికకు సంపాదకత్వము వహించుట ఈ వాతావరణముననే సాధ్యమయ్యెను. ఆ యుపన్యాసములలో పాతివ్రత్యప్రశంస మెండు. సభ్యురాండ్రలో అధికులు కలిగిన అగ్రవర్ణ కుటుంబములవారు. కూలినాలి చేసికొను స్త్రీ ఆ చాపమీద కూర్చున్నట్లు కానరాదు. ఈ కొరతను దాచుట చరిత్రకు మేలుగాదు. అయినను, పాతివ్రత్యమును గూర్చియే కానిండు, అత్తగారి యెదుట నోరు విప్పని కోడలు పదిమంది నడుమ లేచి నిలిచి మాటాడుట ఆనాటికి సామాన్యమైన సాహసము గాదు.

అచ్చమాంబగారు ఆంధ్రదేశమున పట్టణము పట్టణమునకు తిరిగి సమాజములు స్థాపింపుడని స్త్రీలను ప్రోత్సహించి, 1905లో ముప్పది యేండ్ల ప్రాయముననే బిలాస్‌పూరున గతించిరి. ఇరుగుపొరుగు కూడికగా మొదలైన ఆ యలవాటు అంతలోనే ఊరు దాటెను. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహిళాసభకు, వీరేశలింగముగారి శిష్యురాలును కవయిత్రియునైన కొటికలపూడి సీతమ్మగారు అధ్యక్షత వహించిరి.