‘నేర్చు’ ధాతువు : అర్థము, వాడుక
‘నేర్చు’ ధాతువునకు నేడు ‘అభ్యసించు’ అనునదియే ప్రధానార్థముగా తోచును. కాని కావ్యభాషలో ‘సమర్థుడగు’ అను అర్థమును దీనికి కలదు. ‘చేయనేర్చును’ అనగా చేయగలడు. ‘చేయనేరడు’ అనగా చేయజాలడు. ‘కొను’ చేరి ‘నేర్చుకొను’ అయినపుడు ఆ సామర్థ్యమును తనదిగా చేసికొనుట అని భావము. ‘నేర్పు’ అనునది క్రియయై బోధనను, నామమై కౌశలమును తెలుపును.

ఈ అర్థభేదమునకు గోదావరిఖని చక్కని తార్కాణము. సింగరేణి సంస్థ 1920లో ఏర్పడినది. రామగుండము క్షేత్రమున గనులు 1960వ దశకమున విస్తరించినవి. నాగలి పట్టిన చేతులు బొగ్గు నింపుటకు దిగినవి. పైకప్పును కఱ్ఱతో తట్టి, మ్రోతనుబట్టి రాయి గట్టిగా నున్నదో, బోలుగా నున్నదో కనుగొనుట గనిలో ప్రాణరక్షకమగు విద్య. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమములు శిక్షణను విధిగావించినవి.

అయినను శిక్షణపత్రము అభ్యాసమునకు మాత్రమే సాక్ష్యము. కప్పు క్రింద నిలిచినవాడు ఆ మ్రోతను ‘ఎఱుగనేర్చు’నా, ‘ఎఱుగనేర’డా అనుటపైననే ప్రాణమాధారపడియున్నది. కావున ఈ ధాతువు ప్రాచీనార్థమును నిఘంటుకారులు లుప్తమని త్రోసివేయరాదు.